తప్పులన్నీ కనపడుతున్నా గూఢచారి సినిమా ఎందుకు నచ్చుతుందంటే

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. ఒకప్పుడు నేనూ అచ్చం ఇలాగే ఉండేవాణ్ణి. మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: ఎలక్ట్రానిక్స్ చదివారు, ఫ్రెండ్స్‌తో కలిసి ఒక గూఢచారి యాక్షన్ సినిమాకి వెళ్లారు, అందులో ఇనుము కోసే లేజర్ వాచీ, మూడు సెకన్లలో హ్యాక్ అయిపోయే శాటిలైట్, ఎన్ని తూటాలు తగిలినా చెక్కుచెదరని కారు, అన్నిటికన్నా చిరాకుపెట్టింది మాయమైపోయే గాడ్జెట్. వాళ్లంతా ఈలలేస్తుంటే మీరు మాత్రం ‘ఇది జరగదు, ఇదీ జరగదు’ అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. కానీ మధ్యలో రెండుసార్లు మీకు తెలియకుండానే ఊపిరి బిగబట్టారట. ఇంటికొచ్చాక అనుమానం మొదలైంది, అసలు సినిమా నచ్చిందా నచ్చలేదా, నచ్చితే గనక నా టేస్టు పాడైపోయిందా అని.

పాడవలేదు. ఆ రెండుసార్లు ఎక్కడెక్కడ ఊపిరి బిగబట్టారో గుర్తు తెచ్చుకోండి, మీ జవాబు అక్కడే ఉంది. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ముందు నా సంగతి. నేను పాతికేళ్లకు పైగా సినిమాలకి సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్ చేశాను. అంటే ఈ అబద్ధాలు వండే వంటింట్లోనే ఉన్నాను. స్క్రీన్ మీద అక్షరాలు పడుతుంటే వచ్చే టిక్ టిక్ శబ్దం, బాంబు గడియారం బీప్ బీప్, హీరో తుపాకీ చేతిలోకి తీసుకోగానే వచ్చే ఆ ‘చకచక్’, అవన్నీ మాలాంటి వాళ్లం కూర్చుని పెట్టినవే. మామూలు కంప్యూటర్ ఏదీ అక్షరానికో బీప్ కొట్టదని మాకు తెలియక కాదు.

సైలెన్సర్ సంగతే తీసుకోండి. 9 ఎం.ఎం. పిస్టల్ పేలితే సుమారు 160 డెసిబెల్స్ చప్పుడు వస్తుంది. సైలెన్సర్ బిగిస్తే అందులో 20 నుంచి 35 దాకా తగ్గుతుంది, అంతే. మిగిలేది కూడా పక్క గదిలో వాడు ఉలిక్కిపడి లేచేంత చప్పుడే. సినిమాలో వచ్చే ఆ ‘ఫుత్’ అనే శబ్దం శుద్ధ అబద్ధం. కెరీర్ మొదట్లో నాకు ఇది భరించలేని విషయంగా ఉండేది. ఒక సినిమాకి పట్టుబట్టి నిజానికి దగ్గరగా ఉండే చప్పుడు పెట్టాను, డైరెక్టర్‌ని ఒప్పించడానికి పెద్ద లెక్చరే ఇచ్చాను. ట్రయల్ షో అయ్యాక బయట నిలబడి మాట్లాడుకుంటున్న ఇద్దరి మాటలు చెవిన పడ్డాయి. ‘పాపం, వాడి సైలెన్సర్ సరిగ్గా పనిచేయలేదు కదా, అయినా గార్డులు ఎందుకు రాలేదు?’ అంటున్నారు. నేను నిజం పెట్టడం వల్ల సినిమాలో ఒక కొత్త తప్పు పుట్టిందన్నమాట. మర్నాడు పొద్దున్నే పోయి ‘ఫుత్’ పెట్టేశాను.

ఆ రోజు నుంచి నేను ఈ సినిమాలను వేరేగా చూడటం మొదలుపెట్టాను. ఇవి సైన్సు సినిమాలు కావండీ. సూటు వేసుకున్న జానపద కథలు. కాస్త ఆలోచించండి. రాకుమారుడు బయలుదేరే ముందు అడవిలో ముని కనపడి మూడు వస్తువులిస్తాడు: గాల్లో ఎగరేసే పావుకోళ్లు, కంట పెట్టుకుంటే ఎవరికీ కనపడకుండా చేసే అంజనం, ఒక ఉంగరం. ‘నాయనా, ఇది మూడుసార్లే పనిచేస్తుంది సుమా’ అని హెచ్చరిస్తాడు కూడా. గూఢచారి సినిమాలో ఆ ముని తెల్లకోటు వేసుకుని ల్యాబ్‌లో ఉంటాడు, వస్తువులు అప్పజెబుతూ ‘సామాన్లు పాడుచేసి తీసుకురాకు’ అని విసుక్కుంటాడు. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలకలో దాచిన మాంత్రికుడి ప్రాణానికీ, అగ్నిపర్వతం లోపల స్థావరం కట్టుకుని దాన్ని మొత్తం పేల్చేసే బటన్ కూడా అక్కడే పెట్టుకున్న విలన్‌కీ నాకైతే పెద్ద తేడా కనపడదు. చిన్నప్పుడు కథ చెప్పేవాళ్లని ‘చిలకలో ప్రాణం ఎలా పడుతుంది?’ అని ఎవరమూ అడగలేదు. కానీ మూడుసార్లే పనిచేస్తుందన్న ఉంగరం నాలుగోసారి కూడా పనిచేసిందంటే మాత్రం అప్పటికప్పుడు పట్టుకునేవాళ్లం, ‘అదేంటి, మూడుసార్లే అన్నావుగా!’ అని గొడవ చేసేవాళ్లం.

అదీ అసలు తప్పంటే. ప్రపంచపు రూల్‌ని దాటడం కాదు, కథ తనకు తాను పెట్టుకున్న రూల్‌ని దాటడం. నేను చూసేది దాన్నే, మార్కులు వేసేది కూడా దానికే.

1964 నాటి జేమ్స్ బాండ్ సినిమా గోల్డ్‌ఫింగర్ ఇప్పటికీ ఈ విషయంలో పాఠ్యపుస్తకం. ఆస్టన్ మార్టిన్ డీబీ5 కారు అప్పగిస్తూ, బాండ్‌కి గాడ్జెట్లు తయారుచేసిచ్చే క్యూ ఒక్కొక్కటీ చూపిస్తాడు, తిరిగే నంబర్ ప్లేట్లు, పొగతెర, రోడ్డు మీద నూనె చిమ్మే ఏర్పాటు. చివర్లో గేర్ రాడ్ మీది ఎర్ర బటన్ గురించి చెప్తాడు, దాన్ని నొక్కితే పక్క సీటు మనిషితో సహా పైకప్పులోంచి ఎగిరిపోతుందని. బాండ్ అది జోక్ అనుకుంటాడు, తను పనిలో జోకులు వేయనని ఆయన మొహం గంటు పెట్టుకుని చెప్తాడు. అంతే, ఆ క్షణం నుంచి ప్రేక్షకుడి చేతిలో ఒక టికెట్ పెట్టినట్టే. ఎవడో ఒకడు ఆ సీట్లో కూర్చోవాలి, ఎప్పుడు కూర్చుంటాడా అని మనం ఎదురుచూస్తుంటాం. తీరా తుపాకీ పట్టుకున్నవాడు వచ్చి ఆ సీట్లో కూర్చున్నప్పుడు థియేటర్‌లో మొదలయ్యే ఆ ముసిముసి నవ్వు ఉంది చూశారూ, అది బటన్ నొక్కకముందే మొదలవుతుంది. పైకప్పులోంచి మనిషి ఎగిరిపోతే అతని మెడ ఏమవుతుంది, కారు బ్యాలెన్స్ ఏమవుతుంది అన్న ఆలోచన ఎవరికీ రాదు. మన బాకీ మనకి తీర్చేశాడు కదా.

అదే సినిమాలో లేజర్ సీను. కథకి ఆధారమైన నవల 1959లో వచ్చింది, అందులో హీరోని బెదిరించేది గుండ్రటి రంపం. 1960లో థియొడోర్ మైమన్ మొట్టమొదటి లేజర్ వెలిగించాడు. సినిమా తీసేసరికి దానికి నాలుగేళ్ల వయసు, రంపం తీసేసి దాన్ని పెట్టేశారు. తెర మీద కనపడే ఆ ఎర్ర గీత తర్వాత కలిపిన ఆప్టికల్ ఎఫెక్ట్, దుమ్మూ పొగా లేని గాల్లో లేజర్ కిరణం పక్కనుంచి చూస్తే కనపడదని మీకు నేను చెప్పక్కర్లేదు. మరి లోహపు బల్ల కోసుకుంటూ వచ్చింది ఏంటి? బల్ల కింద ఒక మనిషి గ్యాస్ టార్చ్ పట్టుకుని దాక్కుని, ముందే కోసి పెట్టిన గీత వెంబడి మంట నడిపించుకుంటూ వచ్చాడు. బల్ల మీద కట్టేసి ఉన్న బాండ్ నటుడు షాన్ కానరీ కాళ్ల మధ్యకి! ఇది తెలిశాక ఆ సీను నాకు ఇంకా ఎక్కువ నచ్చింది. లేజర్ అబద్ధం గానీ మంట నిజం.

ఇప్పుడు మీ సినిమాలో మిమ్మల్ని బాగా చిరాకుపెట్టిందన్న మాయమైపోయే గాడ్జెట్ దగ్గరకొద్దాం. కనపడకుండా పోవడం ఈ సినిమాల్లో పాత అంజనమే, కానీ దాన్ని వాడటంలో ఎంత తేడా ఉంటుందో రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

మొదటిది 2002లో వచ్చిన బాండ్ సినిమా డై అనదర్ డే. అందులో కారు చుట్టూ బుల్లి కెమెరాలు ఉంటాయి, ఒక పక్క కనపడే దృశ్యాన్ని రెండో పక్క ఒంటి మీద చూపిస్తాయి, కారు మాయం. జనం దాన్ని ఏకిపారేశారు, ఇప్పటికీ ‘గాడ్జెట్లు శృతిమించడం’ అంటే అందరూ చూపించేది ఆ కారునే. అందరూ చెప్పే కారణం అది అసాధ్యం అని. నేను ఒప్పుకోను. పైకప్పులోంచి మనిషిని విసిరేసే సీటుని కళ్లకద్దుకున్న జనానికి అసాధ్యం అడ్డమా? అసలు ఇబ్బంది ఏంటంటే మాయం కాగలిగే కారులో ఉన్నవాడికి భయం ఏముంది? దాని హద్దు ఏంటో మన మనసులో నాటలేదు. హీరో ఎప్పుడు కావాలంటే అప్పుడు మాయమైపోగలిగితే నేనెందుకు టెన్షన్ పడాలి?

రెండోది 2011 నాటి మిషన్ ఇంపాజిబుల్: ఘోస్ట్ ప్రోటోకాల్‌లో మాస్కోలోని ప్రభుత్వ కోట క్రెమ్లిన్ కారిడార్ సీను. పొడుగాటి నడవా, ఆ చివర కుర్చీలో ఒక గార్డు. ఇద్దరు గూఢచారులు నడవాకి అడ్డంగా ఒక తెర నిలబెడతారు. వెనకున్న ఖాళీ నడవా బొమ్మ ఆ తెర మీద పడుతుంటుంది. తెర గార్డు కళ్లు ఎటు కదిలితే అటు గమనిస్తూ ఆ కోణానికి తగ్గట్టు బొమ్మను సర్దుతుంది, అందుకని అతనికి నడవా ఖాళీగానే కనపడుతుంది. తెర వెనక వీళ్లు పిల్లుల్లా ఒక్కో అడుగూ ముందుకు జరుగుతుంటారు. ఇంతవరకూ ఇదీ అంజనమే. కానీ దానికి ఒక హద్దు ఉంది: అది ఒక్క జత కళ్లకే లెక్క కట్టగలదు. ఇంకో గార్డు వచ్చాడా, పని అయిపోయింది. రెండు జతల కళ్లలో ఎవరికి చూపించాలో తెలియక బొమ్మ ఇటోసారి అటోసారి ఊగిసలాడుతుంది. నేను ఆ సీను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మంచు మైదానంలో మాయమైన లక్షల డాలర్ల కారు ఇవ్వని థ్రిల్ ఒక నడవాలో నిలబెట్టిన తెర ఇచ్చిందంటే కారణం ఆ హద్దు. మీరు ఎలక్ట్రానిక్స్ వాళ్లు కాబట్టి మీకు ఇంకా బాగా అర్థమవ్వాలి, స్పెసిఫికేషన్ ముందే రాసిపెట్టి దాని అంచు మీద పరికరాన్ని నడిపించడమే కదా డిజైన్ అంటే.

ఆ సినిమాలోనే ముఖం మాస్కులు తయారుచేసే మెషీన్ సరిగ్గా అవసరమైన టైముకి చెడిపోతుంది, బుర్జ్ ఖలీఫా అద్దాల మీద పాకుతుంటే అద్దానికి అతుక్కునే రెండు గ్లౌజుల్లో ఒకటి పనిచేయడం మానేస్తుంది. గాడ్జెట్ సినిమా తీయడం వచ్చినవాడికి గాడ్జెట్‌ని ఎప్పుడు పాడుచేయాలో తెలిసి ఉంటుంది.

నా వృత్తి ప్రకారం నాకు ప్రాణమైన సీను మాత్రం 1996 నాటి మొదటి మిషన్ ఇంపాజిబుల్‌లో సీఐఏ వాల్ట్, అంటే అమెరికా గూఢచారి సంస్థ రహస్యాలు దాచే గది. గదిలో గుసగుసకు మించిన చప్పుడు రాకూడదు, ఉష్ణోగ్రత పెరగకూడదు, నేల మీద ఏదీ పడకూడదు. మూడు రూల్సూ మనకు ముందే చెప్పేస్తారు, ఆ తర్వాత హీరో తాడు మీద తలకిందులుగా దిగుతుంటే సంగీతం మొత్తం తీసేస్తారు. ఒక యాక్షన్ సినిమాలో అందరూ మా సౌండ్ వాళ్ల పనిని పొగిడేలా చేసిన సీను అది, ఎందుకంటే అక్కడ పని అంటే ఏమీ పెట్టకుండా ఉండటమే. కళ్లద్దాల మీది చెమట చుక్క కింద పడబోతుంటే చేత్తో పట్టుకోవడం గుర్తుందా? షూటింగ్‌లో టామ్ క్రూజ్ బ్యాలెన్స్ తప్పి ముందుకు ఒరిగిపోతుంటే బూట్లలో నాణేలు పెట్టుకుని సరిచేసుకున్నాడు. అదీ గాడ్జెట్! ఇంతకీ అంత కట్టుదిట్టమైన గదిలో ఒక మామూలు కెమెరా పెట్టాలని ఎవరికీ ఎందుకు తోచలేదని నాకు ఐదోసారి చూసినప్పుడు గానీ తట్టలేదు. మొదటి నాలుగుసార్లు సినిమా నన్ను ఆ ప్రశ్న దగ్గరికి పోనివ్వలేదు. ఏ సినిమానైనా నేను మెచ్చుకునే లెక్క అదే, తప్పు ఉందా లేదా అని కాదు, తప్పు ఎప్పుడు గుర్తొచ్చింది అని.

ఇక ‘నిజంగా ఇలాంటివి ఉండవు కదా’ అన్నారు. ఆ మాట అనేముందు ఒకటి వినండి. 1945లో సోవియట్ పిల్లల బృందం ఒకటి మాస్కోలోని అమెరికా రాయబారికి చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్రని బహుమతిగా ఇచ్చింది. ఆయన ఇంట్లో గోడకి తగిలించుకున్నారు. 1952 దాకా అది అక్కడే ఉంది, గదిలో మాటలన్నీ బయటికి చేరవేస్తూ. అందులో బ్యాటరీ లేదు, కరెంటు తీగ లేదు. బయట నుంచి రేడియో తరంగం పంపితే లోపలున్న పల్చటి పొర గదిలో మాటలకి కంపిస్తూ ఆ తరంగాన్ని మార్చి వెనక్కి కొట్టేది. తరంగం ఆపేస్తే అది ఉట్టి చెక్కముక్క, అంత తేలిగ్గా దొరకదు. దాన్ని తయారుచేసింది లియోన్ థెరెమిన్, చెయ్యి తాకకుండా వాయించే సంగీత వాద్యాన్ని కనిపెట్టినాయనే. ఇదే సీను సినిమాలో పెడితే ‘బ్యాటరీ లేకుండా మైక్ పనిచేస్తుందా? అబ్బ చా!’ అని మొదట అనేది మీరే.

అలాగని నిజం ఎప్పుడూ గెలవదు. 1970లలో సీఐఏ తూనీగంత ఎగిరే యంత్రం తయారుచేసింది, చూడ్డానికి అచ్చం తూనీగే. ఎగిరింది కూడా. కాస్త గాలి వీస్తే కొట్టుకుపోయేది, ఇక లాభం లేదని పక్కన పెట్టేశారు. ఇంకో వింత, 1965 నాటి బాండ్ సినిమా థండర్‌బాల్‌లో చుట్టంత చిన్న పరికరం నోట్లో పెట్టుకుని హీరో నీళ్లలో శ్వాస తీసుకుంటాడు. అది చూసి బ్రిటిష్ సైన్యం ఇంజనీర్ల నుంచి ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసిన పీటర్ లామంట్‌కి ఫోన్ వచ్చింది, దాంతో ఎంతసేపు నీటిలో ఉండొచ్చని. మీరు ఎంతసేపు ఊపిరి బిగబట్టగలిగితే అంతసేపు అని ఆయన జవాబు. ఉత్త డొల్ల అది. మీకన్నా బాగా తెలిసినవాళ్లే పడిపోయారు, మీరు రెండుసార్లు ఊపిరి బిగబడితే తప్పేంటి?

తప్పుల్లో కొన్ని నాకు ముద్దొస్తాయి కూడా. గోల్డ్‌ఫింగర్ చివర్లో బాంబు గడియారం సరిగ్గా బాండ్ కోడ్ నంబరైన 007 దగ్గర ఆగుతుంది. ఆ వెంటనే బాండ్ ఇంకా మూడు అంకెలే ఉన్నాయన్నట్టు మాట్లాడతాడు. మొదట అనుకున్నది 003 దగ్గర ఆపాలని, తర్వాత 007 చేసి డైలాగ్ మార్చడం మర్చిపోయారు. కోట్లు పెట్టిన సినిమాలో ఏడులోంచి మూడు ఎవరూ తీసి చూడలేదు! చూసిన ప్రతిసారీ పాత స్నేహితుణ్ణి పలకరించినట్టుంటుంది.

కొన్ని మాత్రం ఎన్నేళ్లయినా క్షమించలేను. జేబులోంచి అప్పటికప్పుడు ఊడిపడే గాడ్జెట్, అంటే ముని ఇవ్వని ఉంగరం, అది పచ్చి మోసం. ఎవరు ఎటు నుంచి కొడుతున్నారో తెలియకుండా సెకనుకి మూడు ముక్కలు కోసి అతికించిన ఫైటు కూడా అంతే, దాన్ని కప్పిపుచ్చడానికి మా సౌండ్ వాళ్ల చేత ధన్ ధన్ అని మోత పెట్టిస్తారు. అలాగే ఈ పాత సినిమాల్లో ఆడవాళ్లని చూపించిన తీరు ఉంది చూశారూ, ముఖ్యంగా వద్దంటున్న మనిషిని హీరో బలవంతం చేయడాన్ని రొమాన్స్‌గా చూపించడం, అది ‘ఆ కాలం అంతే’ అని దాటేసే తప్పు కాదు. మెచ్చుకునే సినిమా అయినా అక్కడ నాకు మొహం చిట్లించుకోవాల్సిందే, చిట్లించుకుంటాను. నచ్చడమంటే అన్నీ ఒప్పేసుకోవడం కాదు. పదికి ఆరు మార్కులు వేసిన సినిమాని ఆరుసార్లు చూశాను నేను, ఏ ఇబ్బందీ లేదు.

అన్నట్టు మీ ఫ్రెండ్స్ పక్కన కూర్చుని తప్పులు లెక్కపెట్టే అలవాటు గురించి. దాన్ని మానేయక్కర్లేదు, అది మీ చదువు, ఎక్కడికి పోతుంది? ఈసారి లెక్క మార్చి చూడండి. వస్తువులు పంచే సీను వచ్చినప్పుడు అందరూ ఫోన్లు చూసుకుంటారు, మీరు మాత్రం చెవులు రిక్కించి వినండి. ఏమిచ్చారు, ఏం హద్దు చెప్పారు, ఏది వద్దన్నారు. తర్వాత ఒక్కొక్కటీ ఎప్పుడు ఎలా తిరిగొస్తుందో చూసుకోండి. ఇచ్చి వాడని వస్తువు, ఇవ్వకుండా వాడిన వస్తువు, ఈ రెండే లెక్కపెట్టండి. ఫిజిక్స్ తప్పులు ఇంటికొచ్చాక తీరిగ్గా తిట్టుకోవచ్చు, అందులోనూ మజా ఉంది, కాకపోతే పక్కవాడి చెవిలో మాత్రం వద్దు.

చివరగా ఒకటి చూడమని చెప్తాను. 1974 నాటి బాండ్ సినిమా ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్‌లో కారు విరిగిన వంతెన మీద నుంచి గాల్లోకి లేచి, గుండ్రంగా ఒక పూర్తి మెలిక తిరిగి, అవతలి ఒడ్డున నాలుగు చక్రాల మీద దిగుతుంది. గ్రాఫిక్స్ కాదు. అమెరికాలో ఒక పరిశోధన సంస్థ కంప్యూటర్ మీద ముందే లెక్క కట్టి, స్టీరింగ్‌ని కారు మధ్యకి మార్చి, డ్రైవర్‌ని సరిగ్గా నడిమధ్యలో కూర్చోబెట్టి, ఒకే ఒక్క టేక్‌లో తీశారు. మీలాంటి ఇంజనీర్లు లేచి చప్పట్లు కొట్టాల్సిన షాట్. సరిగ్గా ఆ కారు గాల్లో తిరుగుతున్నప్పుడు, దాని మీద పిల్లల కార్టూన్లలో వచ్చే ‘పీఈఈయూ’ అనే ఈల చప్పుడు పెట్టారు. ప్రాణాలకు తెగించి చేసిన పని మీద బొమ్మల సినిమా ఈల! సంగీతం చేసిన జాన్ బారీ స్వయంగా తర్వాత దానికి నొచ్చుకున్నాడు. అంత గొప్ప షాట్, అంత చెత్త నిర్ణయం, రెండూ కొద్ది సెకన్లలోనే. ఆ ఈల వచ్చే దగ్గర వాల్యూమ్ పూర్తిగా తీసేసి చూడండి. ఇన్నేళ్లు చప్పుళ్లు అమ్ముకుని బతికిన నేనూ దాన్ని అలాగే చూస్తాను.